వారం వారం ఒక పట్టీ



ధర్మపురి వైపు ఒక ఊరి నుంచి 12 రోజుల పసిగుడ్డును పట్టుకొని ముగ్గురు వచ్చారు. బాలింత, ఆమె పెనిమిటి, అత్త. బిడ్డ రెండు పాదాలూ లోపలికి తిరిగి, ఒక అరికాలు ఇంకో అరికాలును చూస్తున్నట్టున్నాయి. నేనింకా గుడ్డ పూర్తిగా తియ్యనే లేదు, అవ్వ అందుకుంది. "గ్రాణం నాడు గీమె ఊకుండలేదు సారూ. ఇంట్ల మెసిలింది, కత్తిపీట ముట్టింది. గందుకే పోరనికి గిట్లయింది." బాలింత తల ఎత్తలేదు.

నేను కరీంనగర్‌లో ఎముకల డాక్టరును. మన దగ్గర బొక్కల డాక్టర్ అంటేనే తెలుస్తుంది. ఎదిగే పిల్లల కాళ్లకూ వెన్నెముకకూ వచ్చే వంకరల గురించి మాట్లాడమని ఆకాశవాణి వారు అడిగినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ బాలింతే.

ఆ రోజు అవ్వను పక్కన కూచోబెట్టుకుని చెప్పాను. అవ్వా, దీనికీ గ్రహణానికీ సంబంధం లేదు. ఇంచుమించు 1000 మంది పిల్లల్లో ఒకరు ఇట్లా పుడతారు. గ్రహణమంటే పట్టింపే లేని దేశాల్లో కూడా పుడతారు. ఆడపిల్లల కన్నా మగపిల్లల్లో రెట్టింపు. పిండానికి నాలుగైదు నెలలున్నప్పుడు, అప్పటిదాకా మామూలుగా పెరుగుతున్న పాదం లోపలికి తిరగడం మొదలవుతుంది. కోడలు చేసిన తప్పు ఏదీ లేదు. కోడలు ఆపగలిగింది కూడా ఏదీ లేదు.

పాదం ముట్టుకునే ముందే ఇదంతా చెప్పడానికి కారణం ఉంది. ఈ వైద్యం నాలుగేళ్లు నడుస్తుంది. అందులో నా చేతుల మీద జరిగేది రెండు నెలలు. మిగతాదంతా తల్లి చేతుల మీద, ఇంట్లో, రాత్రిపూట జరగాలి. నింద మోస్తున్న మనిషి అంత కాలం ఒంటరిగా నిలబడలేదు. ఆ బరువు మొదటి రోజే దించాలి.

ఇక పట్టీ ఎలా వేస్తామో చెబుతాను. తల్లిని బల్ల పక్కనే కూచోబెట్టి బిడ్డకు పాలు ఇమ్మంటాం. బిడ్డ పాలు తాగుతుంటే కాళ్లు వదులవుతాయి. పాదం బయటి వైపు, చీలమండకు కొంచెం ముందు, బటానీ గింజంత ఎముక వేలికి తగులుతుంది. దాని మీద నా బొటనవేలు ఆనించి, రెండో చేత్తో పాదం ముందు భాగాన్ని మెల్లగా బయటికి తెస్తాను. బలం పెట్టకూడదు. మడమను అసలు పట్టుకోకూడదు, అది తనంతట తానే దారికి వస్తుంది. నొప్పి పుడితే బిడ్డ పాలు వదిలేస్తాడు. నాకు అదే కొలత. ఎంతవరకు వచ్చిందో అక్కడే ఆపి, పలచగా దూది చుట్టి, గోరువెచ్చని నీళ్లలో ముంచిన సిమెంటు పట్టీని వేళ్ల నుంచి తొడ దాకా చుడతాం. మోకాలు వంచే ఉంచుతాం. చిన్న పాదానికి ఇంత పెద్ద పట్టీ ఎందుకని అందరూ అడుగుతారు. మోకాలి కిందే ఆపితే పట్టీ జారిపోతుంది, పాదం మళ్లీ లోపలికే తిరుగుతుంది.

వారానికి ఒక పట్టీ. అయిదో ఆరో పట్టీలకు పాదం బయటికి తిరుగుతుంది. పట్టీ ఉన్నన్నాళ్లూ తల్లి చూడవలసింది బిడ్డ కాలివేళ్లు. వేలిని నొక్కి వదిలితే మళ్లీ ఎర్రబడాలి. వేళ్లు నల్లబడినా, ఉబ్బినా, పట్టీ లోపలికి పోయి కనిపించకుండా ఉన్నా వారం దాకా ఆగొద్దు, ఆ పూటే రావాలి. ఇంకో మాట. పట్టీని ముందు రోజే ఇంట్లో నానబెట్టి విప్పుకొని వస్తుంటారు. అట్లా చెయ్యకండి. వారమంతా సాధించింది ఒక్క రాత్రిలో కొంత వెనక్కి పోతుంది. దవాఖానకు వచ్చాకే విప్పాలి.

పాదం తిరిగినా మడమ ఇంకా పైకే ఉంటుంది. మడమ పైన తాడులా తగిలే దాన్ని మనవాళ్లు నరం అంటారు. నిజానికది పిక్క కండను మడమ ఎముకకు పట్టి ఉంచే తాడు. చాలామంది పిల్లల్లో మొద్దుబారే సూది ఇచ్చి, సన్నని కత్తిమొనతో దాన్ని తెంపుతాం. నిమిషాల పని. మూడు వారాల చివరి పట్టీ విప్పేసరికి ఆ తాడు కావలసినంత పొడవుతో మళ్లీ అతుక్కుని ఉంటుంది. తెంపడం అనగానే తల్లులు భయపడతారు. తెగిన తాడు తానే పెరిగి అతుక్కోవడం ఆ వయసు ఇచ్చే వరం.

ఈ పద్ధతిని తయారుచేసిన డాక్టర్ ఇగ్నాసియో పాన్సెటి. 1914లో స్పెయిన్‌కు చెందిన మినోర్కా దీవిలో పుట్టారు. తండ్రి గడియారాలు బాగుచేసేవాడు, ఆ కొట్లో కొడుకూ పని నేర్చాడు. అంతర్యుద్ధంలో గాయపడ్డ సైనికులకు వైద్యం చేసి, దేశం విడిచి, చివరికి అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం చేరారు. అప్పట్లో వంకర పాదాలకు పెద్ద ఆపరేషన్లు చేసేవారు. ఆ ఆపరేషన్లు అయిన పిల్లలు పెద్దయ్యాక పాదాలు ఎలా ఉన్నాయో పాన్సెటి వెతికి చూశారు. బిగుసుకుపోయి, నొప్పితో ఉన్నాయి. అందుకే కత్తి పక్కన పెట్టి పట్టీల దారి పట్టారు. 1963లో ఫలితాలు ప్రచురించారు. లోకం చాలా ఏళ్లు పట్టించుకోలేదు. ఆయన 80 ఏళ్లు దాటాకే ఇది ఊరూరా పాకింది. 2009లో కన్నుమూశారు. ఇప్పుడు వంకర పాదానికి ప్రపంచమంతా మొదట చేసే వైద్యం ఇదే. గడియారం విప్పడం నేర్చిన వేళ్లు కాబట్టే ఎముకల మధ్య అంత చిన్న కదలికలను పట్టుకోగలిగాయని నా నమ్మకం.

పట్టీలు పోయాక బూట్లు వస్తాయి. రెండు చిన్న బూట్లు, వాటి మధ్య బిడ్డ భుజాల వెడల్పంత కడ్డీ. మొదటి మూడు నెలలు రోజుకు 23 గంటలు, స్నానం పోయించే గంట తప్ప. ఆ తర్వాత పడుకున్నప్పుడు మాత్రమే, నాలుగేళ్లు నిండేదాకా. ఈ వైద్యం చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. మంథని వైపు పిల్లవాడొకడు, పట్టీలు చక్కగా పూర్తయి వెళ్లాడు. ఎనిమిది నెలలకు వచ్చేసరికి పాదం మళ్లీ లోపలికి తిరిగి ఉంది. "బాగైన కాలుకు సంకెళ్లెందుకని మా అత్త ఇడిపించింది సారూ" అంది తల్లి. ఆ అత్త మనుమడి మీద ప్రేమతోనే విప్పించింది. పిల్లవాడు ఏడుస్తుంటే ఎవరికి మనసొప్పుతుంది? కానీ ఆ ఏడుపు మూడు నాలుగు రాత్రులు. రెండు కాళ్లూ కలిపి తన్నడం వచ్చిందంటే పిల్లవాడు దాన్ని ఆటగా చేసుకుంటాడు. పాదాన్ని లోపలికి లాగే గుణం మాత్రం ఆ నాలుగేళ్లూ లోపలే ఉంటుంది. అందుకే పాదం అందంగా కనిపించినా బూట్లు వెయ్యాలి. ఇంట్లో పెద్దవాళ్లందరినీ మొదటి రోజే ఎందుకు రమ్మంటానో ఇప్పుడు మీకు తెలిసి ఉంటుంది.

ఎముకల వైద్యానికి ఇంగ్లీషులో ఆర్థోపెడిక్స్ అనే పేరుంది. 1741లో నికొలాస్ ఆండ్రీ అనే ఫ్రెంచి వైద్యుడు పెట్టాడు. గ్రీకులో ఆర్థో అంటే తిన్నని, పెడిక్ అనే ముక్క వచ్చింది పిల్లవాడు అనే మాట నుంచి. అంటే ఈ శాస్త్రం పుట్టిందే పిల్లల కోసం. ఆయన పుస్తకంలోని బొమ్మ ఒకటి ఇప్పటికీ మా వైద్యుల గుర్తు. వంకరగా పెరుగుతున్న చెట్టును తిన్నని కర్రకు తాడుతో కట్టిన బొమ్మ. మొక్కై వంగనిది మానై వంగునా అని మనవాళ్లు పిల్లల బుద్ధుల గురించి అంటారు. నేను దాన్ని ఎముకల గురించి అంటాను.

పిల్లల పొడుగు ఎముకల కొనల దగ్గర మెత్తని పొర ఉంటుంది. ఎముక పెరిగేది అక్కడే. దాని మీద ఒక పక్క ఎక్కువ ఒత్తిడి పడితే ఆ పక్క పెరుగుదల తగ్గుతుంది, రెండో పక్క సాగుతుంది. అందుకే చిన్న వంకర వదిలేస్తే పెద్ద వంకర అవుతుంది. సరిగ్గా ఆ గుణాన్నే మేం వైద్యానికి వాడుకుంటాం. మోకాలి దగ్గర ఎక్కువ పెరుగుతున్న పక్క రెండు మరలతో చిన్న బిళ్ల బిగిస్తాం. ఆ పక్క ఆగుతుంది, రెండో పక్క పెరుగుతూ వచ్చి, ఏడాది, ఏడాదిన్నరలో కాలు తిన్ననవుతుంది. అప్పుడు బిళ్ల తీసేస్తాం. ఎముక కొయ్యలేదు, పిల్లవాడు రెండు మూడు రోజులకే నడుస్తాడు. కాలును సరిచేసింది వాడి ఎదుగుదలే. ఆడపిల్లలకు 14, మగపిల్లలకు 16 ఏళ్లు వచ్చేసరికి ఆ పొర దాదాపు మూసుకుపోతుంది. ఇక ఆ బిళ్ల పనిచెయ్యదు. ఎముకను కోసి తిప్పి పెట్టవలసిందే. పదో ఏట వచ్చే పిల్లకూ పద్దెనిమిదో ఏట, పెళ్లి చూపుల ముందు వచ్చే పిల్లకూ తేడా ఇదే.

అయితే ప్రతి వంకరా జబ్బు కాదు. నడక నేర్చే పిల్లలకు రెండేళ్ల దాకా కాళ్లు దొడ్డిగా, విల్లులా ఉండడం సహజం. మూడు నాలుగేళ్లకు అదే తిరగబడి మోకాళ్లు రాసుకుంటాయి. ఏడేళ్లకు సర్దుకుంటాయి. ఆ వయసుల్లో అమ్మమ్మలు నూనె రాసి రుద్దడం వల్లే తిన్నగా అయ్యాయనుకుంటారు. రుద్దినా మంచిదే, గట్టిగా లాగకుండా ఉంటే చాలు. ఒక కాలే వంగినా, మూడేళ్లు దాటినా దొడ్డికాళ్లు పోకపోయినా, వంకర ఏటేటా పెరుగుతున్నా చూపించాలి. మణికట్లు లావెక్కి, పక్కటెముకల మీద పూసల్లా తగులుతుంటే అది డి విటమిన్ తక్కువై వచ్చే రికెట్స్. దానికి ముందు కావలసింది మందు, ఎండ, పాలు. మందు పడితే చాలామంది కాళ్లు ఆపరేషన్ లేకుండానే దారికొస్తాయి.

మన నేలలో ఇంకో కారణం ఉంది. ఫ్లోరైడు. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో దీన్ని గుర్తించారు. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు నల్లగొండ పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని ఫ్లోరైడుతో ముడిపెట్టి ప్రపంచానికి చెప్పారు. నల్లగొండ పేరే అందరికీ తెలుసు. కానీ కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లోనూ బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉన్న ఊళ్లున్నాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగడానికి పనికిరావు. 2016లో మొదలైన మిషన్ భగీరథ నల్లా మీ వాకిట్లో ఉంటే, రుచి నచ్చలేదని పిల్లలకు బోరు నీళ్లు పట్టకండి. ఫ్లోరైడు చేరిన ఎముకను కడిగే మందు నా దగ్గర లేదు.

పసిపిల్లల తుంటి గురించి ఒక్క మాట. తుంటి కీలు జారి పుట్టే పిల్లలుంటారు. కాళ్లు రెండూ చాపి, కలిపి బిగించి గుడ్డలో చుట్టే అలవాటున్న చోట ఇది ఎక్కువ. మనం చంకన ఎత్తుకుంటాం, పిల్ల కాళ్లు విడివడి నడుముకు రెండు పక్కలా ఉంటాయి. తుంటికి అంత మేలైన కూర్పు ఇంకొకటి లేదు. మన అవ్వల్లా చంకనెత్తడం మానకండి. అయినా ఒక కాలు పొట్టిగా కనిపించినా, పక్క మార్చేటప్పుడు ఒక తొడ సరిగా విడవకపోయినా ఆరు నెలల లోపే చూపించండి. అప్పుడైతే పట్టీలతో పోతుంది.

వెన్నెముక దగ్గర నాకు ఎక్కువ బాధ కలుగుతుంది, ఎందుకంటే అది బట్టల కింద దాక్కుంటుంది. పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల మధ్య, పిల్లలు ఒక్కసారిగా పొడుగు సాగేటప్పుడు, వెన్ను పక్కకు వంగడం మొదలవుతుంది. ఎక్కువగా ఆడపిల్లల్లో. నొప్పి ఉండదు. ఒక భుజం ఎత్తుగా ఉందని, జడ మధ్యలో ఉండడం లేదని దర్జీ చెప్పేదాకా ఇంట్లో తెలియదు. తెలిశాక చున్నీతో కప్పేస్తారు. నలుగురికీ తెలిస్తే పెళ్లి కాదని భయం. ఇంటర్ అయ్యాక, ఎదుగుదల అయిపోయాక తెస్తారు. అప్పటికి వంపు 50 డిగ్రీలు దాటి ఉంటుంది, ఇనుప కడ్డీలు మరలతో బిగించే పెద్ద ఆపరేషనే దారి.

ఇంట్లోనే చూసుకునే పరీక్ష చెబుతాను. తల్లి తలస్నానం చేయించేటప్పుడు పిల్లను రెండు పాదాలు కలిపి నిలబడి, చేతులు జోడించి, మోకాళ్లు వంచకుండా ముందుకు వంగమనాలి. వెనక నిలబడి వీపును చూడాలి. ఒక పక్క పక్కటెముకలు మూపురంలా లేస్తే వెంటనే ఎక్స్‌రే తీయించాలి. వంపు 25 నుంచి 40 డిగ్రీల మధ్య ఉండి, ఇంకా ఎదిగే వయసైతే నడుముకు చట్రం కడతాం. 2013లో అమెరికాలో వెలువడిన పెద్ద పరీక్షలో చట్రం వేసుకున్న పిల్లల్లో 72 శాతం మంది ఆపరేషన్ దాకా పోకుండా నిలిచారు, వేసుకోనివారిలో 48 శాతం మంది. ఎన్ని ఎక్కువ గంటలు వేసుకుంటే అంత మేలని కూడా తేలింది. ఎండాకాలంలో మన రామగుండం, మంచిర్యాల ఎండలకు ప్లాస్టిక్ చట్రం వేసుకుని బడికి పోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. లోపల పలచని నూలు బనీను వేసుకోనివ్వండి. బడిలో పంతుళ్లకు ముందే చెప్పి ఉంచండి, తోటిపిల్లలు అడిగే ప్రశ్నలకు వాళ్లే జవాబివ్వగలరు.

గూని వేరు. చిన్నపిల్లల వీపు మధ్యలో మొటిక తేలినట్టు ఎముక పొడుచుకొస్తే వెన్నెముక క్షయ గుర్తుకు రావాలి. అట్లాంటి పిల్లవాడు కింద పడ్డ బంతిని వంగి తీసుకోడు, వీపు తిన్నగా ఉంచి గొంతుక్కూచుని తీసుకుంటాడు. రాత్రి నిద్రలో కేకపెట్టి లేస్తాడు. సాయంత్రం ఒళ్లు వెచ్చబడుతుంది. ఇది మందులతో నయమయ్యే జబ్బు, మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. కానీ పిల్లల్లో జబ్బు తగ్గినా గూని పెరుగుతూ పోవచ్చు, ఎదుగుదల ఆగేదాకా. మందుల కోర్సు అయిపోయిందని డాక్టర్ ముఖం చూడడం మానొద్దు.

మన ఊళ్లలో నడివయసు దాటినవాళ్లు కొందరు తొడ మీద చెయ్యి ఆనించి అడుగు వేస్తుంటారు. పోలియో సోకిన తరం వాళ్లది. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లో నమోదైంది. ఆ తరానికి ఊరూరా శిబిరాలు పెట్టి ఆపరేషన్లు చేసిన విశాఖపట్నం డాక్టర్ సుంకర వెంకట ఆదినారాయణరావు గారికి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ రోజుల్లో కరీంనగర్ వాళ్లు ఇట్లాంటి వైద్యానికి హైదరాబాదే పోవాలి. పంజాగుట్టలో నేటి నిమ్స్ మొదట ఎముకల దవాఖానగా పుట్టిందే.

ఇప్పుడు అంత దూరం పోవలసిన పని తగ్గింది. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, రామగుండం, మంచిర్యాల, నిర్మల్, ఆసిఫాబాద్, ఆదిలాబాద్, అన్నిచోట్లా ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం డాక్టర్లు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి, ఒకసారి బడికి వస్తారు. వంకర పాదం, తుంటి జారడం వాళ్లు చూసే జబ్బుల పట్టికలోనే ఉన్నాయి. ఆ రోజు పిల్లను ఇంట్లో ఉంచుకోకండి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెరిగింది. అదే రోజు నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. వారం వారం పట్టీకి రావలసిన తల్లికి ఈ రెండోది చిన్న సాయం కాదు. అంతకు ముందు నాలుగో పట్టీకి రాకుండా ఆగిపోయిన తల్లులను అడిగితే, బస్సు కిరాయి మాటే ముందు వచ్చేది. కూలి పోయే రోజు ఇప్పటికీ పోతుంది. దానికి దారి ఇంకా ఎవరూ చూపలేదు, చూపాలి.

పెద్దయ్యాక తెచ్చారు, ఇంకేమీ కాదా అని అడుగుతారు. అవుతుంది. సైబీరియాలోని కుర్గాన్ అనే ఊళ్లో ఇలిజరోవ్ అనే డాక్టర్ కాలి చుట్టూ ఇనుప చక్రాలు, ఎముక గుండా సన్నని తీగలు బిగించి, రోజుకు ఒక్క మిల్లీమీటరు చొప్పున ఎముకను సాగదీసే దారి కనిపెట్టాడు. ఆ ఒక్క మిల్లీమీటరునూ నాలుగు విడతలుగా తిప్పాలి. ఆ మర తిప్పేది కూడా ఇంట్లో తల్లో తండ్రో.

నార్నూరు అవతల గూడెం నుంచి తొమ్మిదేళ్ల కోలాం పిల్లవాడు ఇప్పుడు నా దగ్గరికి వస్తున్నాడు. పుట్టినప్పటి వంకర పాదం, ఎవరూ చూడలేదు. పాదం బయటి అంచు మీద నడిచి నడిచి అక్కడ మడమంత మందాన ఆనె కట్టింది. అయినా వాడు పశువుల వెంట పరుగెత్తుతాడు. ఈ వయసులో కూడా పట్టీలతోనే మొదలుపెడతాం, కాకపోతే ఒక్కో పట్టీ రెండు వారాలు ఉంచుతాం, ఎక్కువ పట్టీలు పడతాయి. తండ్రి వాణ్ని భుజాల మీద ఎత్తుకుని వాగు దాటిస్తాడు. పట్టీ తడవకుండా కాలికి యూరియా సంచి తొడిగి, పైన సుతిలి తాడుతో కడతాడు. అక్కణ్నుంచి ఉట్నూరు, జన్నారం, లక్సెట్టిపేట మీదుగా ఇక్కడికి ఒక పగలు. నాలుగో పట్టీ విప్పినప్పుడు వాడి అరికాలు మొదటిసారి నేలకు ఆనింది. మొత్తం కాదు, ముందు సగం. వాడు చాలాసేపు కిందికే చూస్తూ నిలబడ్డాడు.

ఆరో పట్టీ వచ్చే మంగళవారం. అటు వానలు పడుతున్నాయని నిన్న తండ్రి ఫోన్ చేశాడు. వాగు వచ్చేలా ఉంటే ఆదివారమే దాటి, ఉట్నూరులో చుట్టాల ఇంట్లో పడుకుంటామన్నాడు.